పది సెకన్లకి అరవై వేలు

పుస్తకానికి టీవీలో ప్రకటన ఇస్తే ఎలా వుంటుందని ఒక రచయిత్రి అడిగితే మనలో చాలామందికి ముందు నవ్వొస్తుంది. సబ్బులకీ చీరల దుకాణాలకీ ఇచ్చే ప్రకటన సాహిత్యానికా అని. లాలాగూడలో వుండే ఒక ఆంటీ నన్ను ఈ ప్రశ్న అడిగారని చెప్తే యూనివర్సిటీలో మిత్రులు అలాగే నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ ఖర్చు పెట్టాలనుకుంటున్నది రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు.

ఆవిడ సర్కారు బడిలో టీచరుగా చేశారు. భర్త లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నిజాం కాలంలో, 1893లో మొదలైన ఆ కార్ఖానా సైరన్ని బట్టి పొయ్యి వెలిగించి, సైరన్ని బట్టి టిఫిన్ డబ్బాలు సర్దిన ఆడవాళ్ళ కథలు ఆవిడవి. ముప్పై ఏళ్ళలో పద్నాలుగు కథలు. కార్మికుల చరిత్రంటే మగవాళ్ళ చరిత్రే అనుకునేవాళ్ళు తప్పక చదవాల్సినవి. సొంత డబ్బుతో అయిదొందల కాపీలు వేసుకున్నారు. ఒక కేబుల్ చానెల్ వాళ్ళు పది సెకన్ల ప్రకటన పదిహేను రోజులు వేస్తాం, అరవై వేలివ్వండి అన్నారట.

తార్నాకలో చాయ్ తాగుతూ ఇద్దరం లెక్క వేశాం. పుస్తకం వెల 150 రూపాయలు. మొత్తం అమ్ముడుపోతే 75 వేలు. షాపుల కమీషను నలభై శాతం, అంటే 30 వేలు పోతుంది. అచ్చుకి 42 వేలయింది. చివరికి మిగిలేది 3 వేలు. ఒక్క కాపీ మిగలకుండా పోయినా ప్రకటన ఖర్చులో ఇరవయ్యో వంతన్నమాట. పోనీ నష్టానికే సిద్ధపడ్డారనుకుందాం. టీవీలో చూసినావిడ మర్నాడు ఆ పుస్తకం ఎక్కడ కొనాలి? సబ్బయితే వీధి చివర దొరుకుతుంది. ఈ పుస్తకం కోఠీలో, కాచిగూడలో రెండు మూడు షాపుల్లో వుంది. కాజీపేట, డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో వున్న ఆడవాళ్ళకి, అంటే దీని అసలు పాఠకులకి, పుస్తకమూ చేరదు, ఆ కేబుల్ ప్రకటనా చేరదు.

అమెరికాలో జేమ్స్ పాటర్సన్ 1993లో ఇదే పని చేసి గెలిచాడు కదా అని ఆవిడ కొడుకు వాదన. నిజమే, ప్రచురణకర్తలు వెనకాడితే 'అలాంగ్ కేమ్ ఎ స్పైడర్' నవలకి తన డబ్బుతోనే టీవీ ప్రకటన తీయించాడు. కానీ ఆయన పెద్ద ప్రకటనల సంస్థలో పై స్థాయి ఉద్యోగి. అడిగిన ప్రతి వూళ్ళోనూ పుస్తకం అందించగల ప్రచురణ సంస్థ వెనక వుంది. ప్రకటన గెలిచిందంటే ఇవన్నీ కలిసి గెలిచాయని.

మన దగ్గర పద్ధతి వేరుగా వుండేది. సులోచనారాణిగారి తరం రచయిత్రులకి పత్రికల్లో సీరియలే ప్రకటన. వారంవారం పాఠకురాలు ఎదురుచూసేది, పైగా రచయిత్రికి పారితోషికం ముట్టేది. ఇప్పుడు అచ్చుకి డబ్బూ రచయిత్రిదే, ప్రచారానికి డబ్బూ రచయిత్రిదే. పుస్తకం పంపుకోవడానికి ఆధారంగా వున్న చవక రిజిస్టర్డ్ బుక్ పోస్టునీ 2024 డిసెంబరులో తపాలా శాఖ ఎత్తేసింది. టీవీ ప్రకటన దండగని తేల్చి చెప్పే మనం దీని గురించి ఎంతమందిమి మాట్లాడాం?

మంచి పుస్తకం దానంతటదే చేతులు మారుతుందనే మాట కూడా నేను పూర్తిగా ఒప్పుకోలేను. స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చింది. టీవీ ప్రకటనేం లేకుండానే ఇవాళ్టికీ పరిశోధన చేసే అమ్మాయిలు వెతుక్కుని చదువుతున్నారు. అయితే దాని వెనక ఒక బృందం వుంది, ఉద్యమం వుంది. మన పుస్తకాలకి సెమినార్లున్నాయి, సమీక్షలున్నాయి, అదృష్టం బాగుంటే సిలబస్ వుంది. అవి ప్రకటనలు కావా? ఓయూ గేటుకి అవతల, ఒక్క బస్టాపు దూరంలో వున్నావిడకి వాటిలో ఏదీ లేదు.

నేనీ లెక్కలన్నీ చెప్తే ఆవిడ ఓపిగ్గా విన్నారు. తర్వాత అన్నారు: "పైసలొస్తయా రావా అని అడుగుతలేను బిడ్డా. మా ఆడపడుచులు, తోటికోడండ్లు పొద్దంత టీవీ ముంగటనే ఉంటరు. ముప్పై ఏండ్లు రాత్రిపూట ఏం రాస్తున్నవే అని ఒక్కరడగలె. టీవీల నా పేరొస్తే అడుగుతరేమో."

ఈ మాటకి నా దగ్గర లెక్క లేదు. అరవై వేలు ఎక్కువే, పది సెకన్లు తక్కువే. కానీ ఆవిడ కొనాలనుకుంటున్నది పాఠకుల్ని కాదు, సొంత ఇంట్లో రచయిత్రిగా ఒక గుర్తింపుని. ఇది అమ్మకాల సమస్య అనుకుని మాట్లాడుతున్నంతసేపూ మనం ఆవిడతో మాట్లాడుతున్నట్టు కాదు.

రైల్వే క్వార్టర్ల దగ్గరే ఒక హాలు తీసుకుని, చుట్టాలందర్నీ పిలిచి, సైరన్ కథ ఆవిడ చేతే చదివిద్దామన్నాను. కుర్చీలు, చాయ్, సమోసాలతో సహా నాలుగైదు వేలు దాటదు. కాజీపేట, డోర్నకల్‌లకి నూరు కాపీలు ట్రాన్స్‌పోర్టు పార్సిల్లో వేసినా ఇంకా చాలానే మిగులుతుంది. ఆవిడ ఇంకా ఏమీ తేల్చలేదు. చానెల్ వాళ్ళ కాగితం అలమరాలో దాచుకున్నారు. హాలు సంగతికి మాత్రం ఒక షరతు పెట్టారు: గేటు మీద కట్టే బ్యానర్లో తన ఫోటో పెద్దగా వుండాలట, పక్కన భర్త ఫోటో వద్దట.