డబ్బా లేని ల్యాప్‌టాప్

మా చిన్నప్పుడు జగిత్యాల దగ్గర మా ఊరికి ఎవరైనా గల్ఫ్ నుంచి వచ్చారంటే, మనిషిని చూడ్డానికి పెద్దవాళ్ళు వెళ్ళేవారు, డబ్బాలు చూడ్డానికి పిల్లలం వెళ్ళేవాళ్ళం. మా చిన్నాయన దుబాయ్ నుంచి తెచ్చిన టూ-ఇన్-వన్ కంటే దాని అట్టపెట్టె మా ఇంట్లో ఎక్కువ కాలం బతికింది. తెల్లటి థర్మాకోల్ ముక్కలు, ప్లాస్టిక్ కవరు, ఆ కొత్త వాసన... గల్ఫ్ అంటే నాకు మొదట తెలిసింది ఆ వాసనే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా అమ్మాయికి ల్యాప్‌టాప్ కొనాల్సి వచ్చినప్పుడు నా బుర్రలో ముందుగా మెదిలింది ఆ అట్టపెట్టే.

అమ్మాయి ఇక్కడే, హాయిల్‌లోనే, పన్నెండో తరగతి పూర్తి చేసింది. సివిల్ ఇంజనీరింగ్ చదువుతానంటోంది. ఏ కాలేజీ అన్నది ఇంకా తేలలేదు గానీ హైదరాబాద్ అన్నది మాత్రం ఖాయం. అందరూ కంప్యూటర్ సైన్స్ అంటుంటే నీకు సివిల్ ఎందుకమ్మా అని అడిగితే, మేం శుక్రవారాలు తిప్పి చూపించిన అల్ ఖిష్లా కోట పేరు చెప్పింది. 1940లలో మట్టి ఇటుకలతో కట్టిన కోట అది. ఆ గోడలు ఇన్నాళ్ళు ఎలా నిలబడ్డాయో తెలుసుకోవాలట. మట్టిగోడల మీద ఇష్టం ల్యాప్‌టాప్ ఖర్చు దాకా వస్తుందని అప్పుడు నాకు తెలియదు!

ఇంకో మాట దాచడం ఎందుకు? వెళ్ళేది అమ్మాయి ఒక్కతే కాదు. మా ఆవిడ, అబ్బాయి కూడా ఆమెతోనే ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళిపోతున్నారు. ఇక్కడ కుటుంబంతో ఉంటున్నవాళ్ళకు కారణం చెప్పక్కర్లేదు. 2017 జూలైలో మనిషికి నెలకు 100 రియాళ్ళతో మొదలైన డిపెండెంట్ ఫీజు 2020 జూలైకి 400 అయింది. మా ముగ్గురికీ కలిపితే ఏడాదికి 14,400 రియాళ్ళు. ఇన్నాళ్ళూ కట్టాం. ఇప్పుడు అమ్మాయి కాలేజీ, హాస్టల్ ఫీజులు కూడా తోడైతే నా జీతం చాలదు. కాబట్టి ఆ ల్యాప్‌టాప్ అమ్మాయి చదువుకు మాత్రమే కాదు, ఆ తర్వాత నాకు ఇల్లు కనిపించే కిటికీ కూడా అదే. ఈ సంగతి ఇంట్లో ఎవరితోనూ అనలేదు.

మా ముందు రెండు దారులు కనిపించాయి.

ఒకటి, బర్జాన్ బజారు దగ్గరి షాపులో ఉన్న కొత్తది. 13వ తరం కోర్ ఐ3, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. వ్యాట్‌తో కలిపి 2,199 రియాళ్ళు. అందులో 287 రియాళ్ళు వ్యాటే! సన్నగా, వెండి రంగులో, కిలోన్నరకు కాస్త ఎక్కువ బరువు. రెండోది, మా కంపెనీలో పనిచేసిన కేరళ ఇంజనీరు ఒకాయన ఫైనల్ ఎగ్జిట్ వెళ్తూ అమ్ముతున్న థింక్‌ప్యాడ్ పీ53. 2019 మోడల్. 9వ తరం కోర్ ఐ7, 32 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, డ్రాయింగుల కోసం విడిగా క్వాడ్రో గ్రాఫిక్స్ కార్డు. కొత్తగా ఉన్నప్పుడు నాలాంటివాడు దాని ధర అడగడానికి కూడా జంకే రకం. ఆయన చెప్పింది 1,700.

మా ఆవిడది ఒకటే మాట. "ఆడపిల్లను మొదటిసారి హాస్టల్‌కి పంపుతూ ఎవరో వాడి వదిలేసింది ఇచ్చి పంపుతామా? నలుగురిలో ఏం బావుంటుందండీ?" అబ్బాయి ఓటు కూడా కొత్తదానికే, డబ్బా విప్పేది వాడే కాబట్టి. నేను? పైకి లెక్కలు చెప్పాను గానీ నాకూ కొత్తదే కావాలి. దాని కెమెరా బాగుందని షాపులోనే చూసుకున్నాను.

పైగా పాతవాటి మీద నాకు భయం. 2017లో రియాద్ వెళ్ళి, ఉలయా కంప్యూటర్ మార్కెట్లో రెండు రోజులు తిరిగి, 7వ తరం ఐ7 ల్యాప్‌టాప్ ఒకటి గర్వంగా కొన్నాను. ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. కానీ విండోస్ 11కు ఇంటెల్‌లో 8వ తరం నుంచే దాదాపుగా అనుమతి. నాది ఒక్క మెట్టు కింద ఆగిపోయింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. అదనంగా ఒక ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇచ్చినా అది గడువు పెంచడమే. ఎంత మంచి బండైనా ఊరి పొలిమేర దగ్గర ఆపేస్తే ఏం లాభం?

అమ్మాయి ఇదంతా విని, "నాన్నా, పొలిమేరకు ఇవతల ఉన్నదాన్ని, అవతల ఉన్నదాన్ని కలిపి పాతది అంటే ఎలా? 9వ తరం లోపలే ఉంది కదా" అంది. నిజమే. రెండేళ్ళ తేడాలో నాది బయట పడింది, అది లోపల ఉంది.

ఆ రాత్రి తను ఒక నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంది. ఏది మంచిది అని రాయలేదు. నాలుగేళ్ళలో నేను దీనిమీద ఏం చేస్తాను అని రాసింది. మొదటి ఏడాది నోట్సు, లెక్కలు, సినిమాలు. వాటికి ఏదైనా చాలు, ఇంకా చెప్పాలంటే కొత్తదే మేలు. రెండో ఏడాది నుంచి ఆటోక్యాడ్, ఆ తర్వాత రెవిట్. విద్యార్థులకు ఆటోడెస్క్ వాళ్ళు వీటిని ఉచితంగానే వాడుకోనిస్తారు గానీ మెషీన్ మాత్రం ఉచితంగా ఇవ్వరు కదా! రెవిట్ కొత్త వెర్షన్లు కనీసం 16 జీబీ ర్యామ్ అడుగుతున్నాయి. విండోస్ మీదే నడుస్తుంది కాబట్టి మ్యాక్ మాట మొదటే కొట్టేసింది.

మర్నాడు అందరం మళ్ళీ షాపుకు వెళ్ళాం. అక్కడ యెమెన్ కుర్రాడు చాలా ఓపికమంతుడు. అమ్మాయి ఒకటే ప్రశ్న వేసింది. "దీని వెనక మూత తీసి ర్యామ్ పెంచుకోవచ్చా?" అతను కంపెనీ కాగితం తెచ్చి చూపించాడు. ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంది. ఇవాళ 8 జీబీ అంటే నాలుగేళ్ళూ 8 జీబీయే. ఎస్ఎస్‌డీ మార్చుకోవచ్చు, ర్యామ్ మార్చలేం. మరి ఖాళీ స్లాట్ ఉన్న ఇంకో మోడల్ చూపించమన్నాను. చూపించాడు. కానీ 2025 చివరి నుంచి మెమరీ చిప్పులన్నీ ఏఐ డేటా సెంటర్లకు పోతుండటంతో ర్యామ్ ధరలు మండుతున్నాయి. లెక్క 2,700 దాటింది.

పిల్లలూ, మీరు షాపులో "సిక్స్ కోర్" అన్న మాట వింటారు. మా రెండింటికీ ఆరే. కానీ పాత ఐ7లో ఆరుగురూ బలమైన కూలీలు. కొత్త ఐ3లో ఇద్దరు పెద్దవాళ్ళు, నలుగురు పిల్లలు. ఆ ఇద్దరూ చాలా చురుకైనవాళ్ళు, ఒక్కొక్కరిగా చూస్తే పాతవాళ్ళకంటే వేగంగా నడుస్తారు, తిండి కూడా తక్కువ. అందుకే కొత్తదాని బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, మామూలు పనుల్లో అదే వేగంగా అనిపిస్తుంది. బరువు మోయాల్సి వచ్చినప్పుడే తేడా తెలిసేది. కాబట్టి డబ్బా మీద అంకె చూసి మోసపోకండి, ఎవరు ఎంత మోస్తారో అడగండి.

ఇక వారంటీ. కొత్తదానికి నేను కడుతున్న ఎక్కువ డబ్బంతా దీనికోసమే అనుకున్నాను. కాగితం తిప్పి చూస్తే ఈ రాజ్యంలోనే చెల్లుతుందని ఉంది. జూలైలో విమానం ఎక్కగానే ఆ వారంటీ నా దగ్గరే, హాయిల్‌లోనే ఉండిపోతుంది. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా ఇండియాకు తీసుకెళ్ళొచ్చు, ఆ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా అక్కడ పాడైతే ఎవరి దగ్గరికి వెళ్ళాలన్నదే. కొన్ని కంపెనీలు అంతర్జాతీయ వారంటీ ఇస్తాయి, మీరు కొనేముందు ఆ ఒక్క లైను తప్పక చదవండి.

మా బావమరిదికి ఫోన్ చేస్తే, "కొత్తది కావాలంటే ఇక్కడే కొను బావా, ఇక్కడి వారంటీ వస్తుంది కదా" అన్నాడు. ఇక్కడ వ్యాట్ 15 శాతం, అక్కడ జీఎస్టీ 18 శాతం. తేడా మూడే. ఒకప్పుడు గల్ఫ్‌లో కొంటేనే వస్తువు అన్న రోజులు పోయాయి. తెలివైన సలహా. కానీ నాకు ఎందుకో కోపం వచ్చింది! నా చేత్తో కొనివ్వకుండా, డబ్బులు పంపి కొనుక్కోమనడమా? కాసేపటికి ఆ కోపం నాకే నవ్వు తెప్పించింది. అయినా ఆ మాట అమ్మాయికి చెప్పాను.

తను ఒప్పుకోలేదు. అక్కడైనా ఆ డబ్బుకు వచ్చేది అలాంటి 8 జీబీయే అంది. "పాతదాన్ని తెరవొచ్చు నాన్నా. బ్యాటరీ పోతే బ్యాటరీ, ర్యామ్ పోతే ర్యామ్. సికింద్రాబాద్ సీటీసీలో దొరకని పార్టు ఉండదని మామయ్యే అన్నాడు. కొత్తది పాడైతే నాకు ఎవరో కావాలి. ఇది పాడైతే ఒక స్క్రూడ్రైవర్ చాలు."

బావమరిది హెచ్చరిక కూడా చేశాడు. తను దమ్మామ్‌లో ఉన్నప్పుడు పాత ల్యాప్‌టాప్ కొన్నాడు. ఇంటికి తెచ్చి అంతా చెరిపి మళ్ళీ మొదలుపెడితే, ఏదో కంపెనీ ఈమెయిల్, పాస్‌వర్డ్ అడిగి ఆగిపోయింది. అమ్మినవాడు అప్పటికే దేశం దాటాడు. ఆ కంపెనీ తన మెషీన్లను ఇంటర్నెట్‌లో నమోదు చేసి ఉంచుకుంది మరి. ఇప్పుడు దానిమీద వేడి గిన్నెలు దించుతున్నారు.

అందుకని శుక్రవారం సాయంత్రం నేనూ అమ్మాయీ కేరళ ఇంజనీరు గదికి వెళ్ళాం. సగం సర్దిన సూట్‌కేసులు, గోడకు మేకులు మాత్రమే మిగిలాయి. పద్నాలుగేళ్ళు ఉన్నారట ఇక్కడ. కంపెనీ పాత మెషీన్లు ఉద్యోగులకే అమ్మినప్పుడు కొన్న రసీదు ఉందని, అడక్కముందే తీసి చూపించారు. మేం అడిగిందేమిటంటే, డబ్బు ఇచ్చేముందు మా కళ్ళముందే మొత్తం చెరిపి, వైఫైకి కలిపి, మళ్ళీ మొదలుపెట్టాలి. ఆయన నొచ్చుకుంటారేమో అనుకున్నాను. "ఎగ్జిట్ వెళ్ళేవాణ్ణి నమ్మకపోవడమే మంచిది భాయ్" అని నవ్వి, టీ పెట్టారు. గంట పట్టింది. ఏ కంపెనీ పేరూ అడగలేదు. స్టార్ట్ చేయగానే వచ్చే బయోస్‌కు కూడా పాస్‌వర్డ్ లేదు.

తర్వాత పవర్‌సీఎఫ్‌జీ అనే చిన్న కమాండ్‌తో అమ్మాయి బ్యాటరీ రిపోర్టు తీసింది. కొత్తలో 90 వాట్ అవర్లు పట్టాల్సిన బ్యాటరీకి ఇప్పుడు 55 పడుతోంది. రెండు గంటలు వస్తే గొప్ప. అడాప్టర్ ఇటుకలా ఉంది. ఫ్యాన్ మోత ఉంది. కీబోర్డు మీద అరబిక్ అక్షరాలు సగం అరిగాయి. కెమెరా... అందులో నా ముఖం పాత దూరదర్శన్ వార్తల్లో మనిషిలా కనిపించింది. నేనేమీ అనలేదు. అమ్మాయి మాత్రం నావైపు చూసి, "నీతో ఫోన్‌లో మాట్లాడతాలే నాన్నా. ఫోన్ కెమెరా దీనికంటే బాగుంటుంది" అంది. నా మనసులో మాట దానికెలా తెలిసిందో!

బేరం మొదలుపెట్టాను. బ్యాటరీ చూపించి 1,400 అన్నాను. ఆయన 1,600 అన్నారు. హాతిం తాయి పుట్టిన నేల మీద ఇంత పిసినారితనమా అని నేనన్నాను. దానం చేయాల్సింది కొనేవాడా అమ్మేవాడా అని ఆయనన్నారు. హాతిం సమాధిగా చెప్పుకునే తువారిన్ ఇక్కడికి దగ్గరే, వెళ్ళి అడుగుదామా అనుకుని, 1,500కు కుదిరాం. మిగిలిన 700 రియాళ్ళలో కొత్త బ్యాటరీకి కొంత అని అమ్మాయి నోట్‌బుక్‌లో రాసుకుంది.

డబ్బు మాత్రం మర్నాడు ఇస్తామన్నాం. ఆ రాత్రి మెమరీ పరీక్ష పెట్టి పడుకున్నాం. 32 జీబీ కదా, ఎప్పటికి అయిందో తెలియదు. ఫజర్ వేళ లేచి చూస్తే కిటికీలో అజా కొండలు అప్పుడే కనిపిస్తున్నాయి, అమ్మాయి నాకంటే ముందే లేచి తెర ముందు కూర్చుని ఉంది. తప్పులేమీ లేవని వచ్చింది.

అబ్బాయి మాత్రం అలిగాడు. "డబ్బా ఏది?" అన్నాడు. లేదు. ఎప్పుడో పారేశారట. మా ఆవిడ రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు, చలికాలం అయిపోయి లోపల పెట్టాల్సిన రజాయిని కత్తిరించి దానికో సంచి కుట్టింది, అడాప్టర్‌కు వేరే చిన్న సంచి. రెండూ కలిపి వంటింటి కాటా మీద పెట్టింది. మూడు కిలోల రెండు వందల గ్రాములు. చేతి సామానుకు ఏడు కిలోలు కదా, మిగిలిన దాంట్లో ఖర్జూరాలు పెట్టొచ్చు అంది.