ఆ పది నిమిషాలు

సూరత్ నగరంలోని లింబాయత్‌లో తెలుగు మాట వినిపించడం వింత కాదు. తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన పద్మశాలీ కుటుంబాలెన్నో అక్కడ సాంచాలను, అంటే మరమగ్గాలను, నమ్ముకొని జీవిస్తున్నాయి. పన్నెండు గంటల పని, చెవులు దిబ్బళ్ళు వేసే చప్పుడు, ఉక్కపోత. అటువంటి షెడ్డులో రాత్రివేళ నిలబడిన ఒక కార్మికుణ్ణి ఊహించండి. ఉన్నట్టుండి అతని గుండె దడదడలాడుతుంది. ఊపిరాడదు. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. “గుండెపోటు! ఇక్కడే పోతాను. పరాయి ఊళ్ళో పిల్లలకు దిక్కెవరు?” క్షణంలో అతని ఆలోచన శ్మశానం దాకా పోయి వస్తుంది.

ఆసుపత్రిలో ఇ.సి.జి. తీసి, గుండెలో దోషమేమీ లేదంటారు. (మొదటిసారి ఈ పరీక్ష తప్పనిసరి, ఛాతీ నొప్పిని వట్టి భయమని తోసివేయడం ప్రమాదకరం.) కాని ‘ఏమీ లేద’న్న మాట అతనికి ఊరట నివ్వదు, అవమానంగా తోస్తుంది. నిజానికి ఏదో ఉంది. 1871లోనే డాకోస్టా అనే వైద్యుడు అమెరికా అంతర్యుద్ధ సైనికులలో ఇటువంటి గుండెదడను వర్ణించాడు. 1980లో అమెరికన్ మానసిక వైద్యులు దీనిని ‘పానిక్ డిజార్డర్’ పేరిట ప్రత్యేక వ్యాధిగా గుర్తించారు.

దీని మర్మాన్ని 1986లో డేవిడ్ క్లార్క్ అనే ఆంగ్ల మనస్తత్వవేత్త విశదీకరించాడు. దేహంలో కలిగిన చిన్న మార్పును మనసు మహావిపత్తుగా చదువుకొంటుంది. ఆ భయానికి అడ్రినలిన్ ఊరి గుండె మరింత వేగంగా కొట్టుకొంటుంది. అది చూసి భయం రెట్టింపవుతుంది. ఆయాసంతో వేగంగా శ్వాసించేసరికి రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. అతడు మృత్యుచిహ్నమనుకొన్నది తన ఊపిరి చేసిన పనే!

1994 సెప్టెంబరులో ప్లేగు వార్తకు సూరత్ నుండి లక్షలాది జనం రైళ్ళెక్కి పారిపోయారు. ఆ పరుగును తప్పుపట్టలేము. అపాయం బయట ఉన్నది. లోపలి భయానికి మాత్రం పరుగు మందు కాదు. షెడ్డు విడిచి పారిపోయినవాడికి ‘పారిపోయాను గనుక బ్రతికాను’ అన్న నమ్మకం మిగులుతుంది. రేపు షెడ్డు, ఎల్లుండి బజారు, ఆపై నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో స్వగ్రామ ప్రయాణం, ఒక్కొక్కటే అతనికి మూసుకుపోతాయి. కూలి కూడా పోతుంది.

కనుక చికిత్సలో నేర్పేది భయాన్ని అణచడం కాదు, భయం చెప్పిన జోస్యాన్ని పరీక్షించడం. ‘పోయినసారీ చచ్చిపోతాననుకొన్నాను, ఏమయింది?’ అని అతడు కాగితంమీద వ్రాసుకోవాలి. తాకిడి సాధారణంగా పది నిమిషాలలో శిఖరానికి చేరి, క్రమంగా దిగిపోతుంది. ఆ సమయంలో యంత్రాన్ని ఆపి, పక్కకు జరిగి, నెమ్మదిగా ఊపిరి విడుస్తూ అక్కడే ఉండగలిగితే చాలు. మొదటి ప్రయత్నంలో ఇది సాధ్యపడుతుందని ఎవరూ మభ్యపెట్టనక్కరలేదు. వైద్యుని సలహాపై మందులూ పనిచేస్తాయి. ఇంటివారు ‘ధైర్యంగా ఉండు’ అని గద్దించడం కంటె, పక్కన కూర్చొని గడియారం చూపడం మేలు. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఫోను చేస్తే, సలహాదారుతో తెలుగులోనే మాట్లాడవచ్చును.