మరమ్మతుల వసంతం

గోదావరి సముద్రంలో కలవబోయే ఈ మూలన వసంతం ఎంతోకాలం నిలవదు. చలి శివశివా అంటూ వెళ్ళిపోయే శివరాత్రి మొదలు, మిట్టమధ్యాహ్నం వీధిలో మనిషన్నవాడు కనపడని ఎండలు ముదిరేదాకా ఉన్నది కాస్త వ్యవధి. యానాంలో, మా అగ్రహారంలో, ఆ వ్యవధిని ఎవరూ ఊరికే పోనివ్వరు. వాన లేదు, వరద లేదు, తుఫాను లేదు. గోడలు ఆరి ఉంటాయి, కర్ర ఆరి ఉంటుంది. పెంకు సర్దించాలన్నా, సున్నం కొట్టించాలన్నా, దడి కట్టాలన్నా, పాదు పెట్టాలన్నా ఇదే అదను.

మా వీధి మాటే కాదు, ఈ డెల్టా అంతా ఈ రోజుల్లో మరమ్మతులోనే ఉంటుంది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన తర్వాత అల్లుకున్న కాలువలను దాళ్వా పంట చేతికొచ్చే ఏప్రిల్లో కట్టేస్తారు. పూడిక తీయాలన్నా, లాకులు బాగుచేయాలన్నా నీళ్ళు లేని ఆ వారాల్లోనే కుదురుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరమంతా సముద్రం మీద మరపడవల వేట ఆగుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. పడవలు ఒడ్డుకెక్కుతాయి, చిరిగిన వలలు చెట్ల నీడకి వస్తాయి. కాలువ, పడవ, ఇల్లు మూడూ ఒకే ఋతువులో మనిషి చేతి కోసం ఎదురుచూస్తాయి.

ఇంత జాగ్రత్త ఎందుకో ఇక్కడ పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కోనసీమలోనూ ఈ చుట్టుపక్కలా కొబ్బరితోటల్ని నేలకి ఒరిగించేసింది. ఆ రాత్రి సంగతి మా అత్తగారు ఇప్పటికీ గొంతు తగ్గించే చెబుతారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటితే ఆ నీళ్ళు యానాం వీధుల్లోకి వచ్చాయి. వరద ముఖం, తుఫాను ముఖం చూసిన ఇంటికి చైత్రమాసపు మరమ్మతు ముస్తాబు కింద లెక్క కాదు, వచ్చే ఏడాదికి చేసుకునే సన్నాహం.

మా ఇంట్లో ఇద్దరు పిల్లలు. పెద్దది ఈ మధ్యనే అక్షరాలు కూడబలుక్కుంటోంది. చిన్నాడికి ఇంకా మాటలు సరిగా తిరగవు. మేస్త్రి వస్తున్నాడంటే చాలు, చిన్నపిల్లలున్న ఇంటికి అందరూ ఇచ్చే సలహా ఒక్కటే. “పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపెయ్యండి, కాళ్ళకీ చేతులకీ అడ్డం.” మంచి మనసుతో ఇచ్చే సలహాయే. అయినా మేము పంపం. ఇల్లు బాగుపడుతున్నప్పుడు పిల్లలు ఇంట్లో ఉండాలి, వాళ్ళ చేతికి వాళ్ళ పాటి పని ఉండాలి. నేను చెప్పదలచుకున్నదల్లా ఇదే. పుట్టినప్పటి నుంచి నెత్తిమీద ఉన్న కప్పు దానంతటదే నిలబడి ఉందని పిల్లలు అనుకుంటారు. ఎవరో ఒకరు ఏటా నిలబెడితేనే అది నిలబడుతుందని తెలిసే వయసూ అదే, తెలిసే కాలమూ ఇదే.

మాది మంగుళూరు పెంకుటిల్లు. ఈ పెంకు మన దేశంలో పుట్టింది 1865లో, మంగుళూరులో బాసెల్ మిషను వాళ్ళు పెట్టిన కార్ఖానాలో. అక్కడి నుంచి తీరమంతా పాకింది. పెంకు ఎక్కడ పగిలిందో పైకెక్కితే తెలియదు, కిందినుంచే తెలుస్తుంది. అందుకని మేస్త్రి రావడానికి ముందు ఎండ బాగా ఉన్న పూట తలుపులన్నీ మూసి, నడిమింట్లో చాప పరిచి, పిల్లలూ నేనూ వెల్లకిలా పడుకుంటాం. చీకటి అలవాటు పడేసరికి పైన ఒక్కొక్క చుక్కే వెలుగుతుంది. వెలుగు ఎక్కడినుంచి వస్తే వానా అక్కడినుంచే వస్తుంది. పెద్దది లెక్కపెడుతుంది. “నాయనమ్మ మంచం మీద ఒకటి, బియ్యం డబ్బా మీద రెండు.” కన్నం ఏ ఆకారంలో ఉన్నా నేలమీద పడ్డ వెలుగు మాత్రం గుండ్రంగానే ఎందుకుంటుందని అడిగింది. అది సూర్యుడి బొమ్మేనని చెప్పాను. చిన్న కన్నం గుండా వచ్చిన వెలుతురు ఎదుటి తలం మీద సూర్యుడి రూపాన్నే గీస్తుంది. గ్రహణం పట్టిన రోజున ఆ బిళ్ళలన్నీ కొడవళ్ళయిపోతాయి. చిన్నాడు ఆ సూర్యుళ్ళని అరచేత పట్టుకుంటూ ఇల్లంతా తిరిగాడు.

మర్నాడు మేస్త్రి నిచ్చెన వేస్తుంటే పెద్దది వెళ్ళి, దూలానికి కుడిపక్కన మూడో వాసం దగ్గర ఒకటి, చూరుకి దగ్గరగా ఇంకొకటి అని అప్పజెప్పింది. ఆయన నవ్వలేదు. “ఆయ్, చూత్తానండి పాపగారూ” అని సరిగ్గా అక్కడికే వెళ్ళాడు. పెంకు పగల్లేదు, పిల్లి తొక్కి జరిగిందని పైనుంచే చెప్పాడు. కప్పు విషయంలో ఆ పిల్ల మాట ఒకటి చెల్లింది. పెద్దవాళ్ళు తన మాట పట్టుకుని పని చేశారన్న గౌరవం ఆ వయసు పిల్లకి ఏ బొమ్మా ఇవ్వలేదు. కిందికి దించిన పెంకుల్లో బాగున్నవి ఒక వరస, బీటలు వారినవి ఒక వరస పెట్టడం తన పనే. వేలి కణుపుతో తడితే మంచి పెంకు ఖంగుమంటుంది, బీటవారినది బొంగురుగా పలుకుతుంది. అది నేర్పింది కూడా మేస్త్రిగారే.

కప్పు తర్వాత గోడలు. ఈ ప్రాంతపు గోడకి పైనుంచి వచ్చే వానకంటే కిందినుంచి ఎక్కే చెమ్మ పెద్ద శత్రువు. నేలలో ఉప్పు ఉంది. చెమ్మతో పాటు ఆ ఉప్పు గోడలోకి ఎక్కి, చెమ్మ ఆరగానే తెల్లటి పూతగా బయటపడి, సున్నాన్ని పొరలు పొరలుగా రాల్చేస్తుంది. పాత గోడలకి గట్టి సిమెంటూ పైన గాలాడనివ్వని రంగూ వేస్తే లోపలి చెమ్మకి దారి ఉండదు, గోడ లోపల్లోపలే చెడుతుంది. గుల్ల సున్నం గోడని ఊపిరి పీల్చుకోనిస్తుంది. గుల్లలని కాలిస్తే వచ్చే సున్నం నీళ్ళు పడగానే కుతకుతలాడి మరుగుతుంది. గోడకెక్కాక గాలిలోని బొగ్గుపులుసు వాయువుని తీసుకుని మెల్లమెల్లగా మళ్ళీ రాయి అవుతుంది. అందుకు తొందరపడని ఎండ కావాలి. అందుకే సున్నానికి చైత్రపు ఉదయాలు మంచివి.

సున్నం నానేసిన రోజున పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. ఒక్క చుక్క కంట్లో పడితే ప్రమాదం. ఆ హద్దు గట్టిగా గీశాక కూడా వాళ్ళ పాటి పని మిగిలే ఉంది. పొరలు లేచిన పాత సున్నాన్ని కొబ్బరిచిప్పతో గీకడం మొదటిది. సున్నం వేసే ముందు గోడని తడపడం రెండోది. పొడి గోడ మీద వేస్తే నీళ్ళన్నీ గోడే తాగేసి సున్నం పిండిలా రాలిపోతుంది. కాబట్టి ఎవరో ఒకరు తడపవలసిందే. చిన్నాడికి ఒక చెంబుడు నీళ్ళూ, ఒక పాత కుంచే ఇచ్చాం. తన చెయ్యి అందినంత ఎత్తు వరకూ అరుగు గోడంతా తడిపాడు. ఆడిస్తున్నామని వాడికీ అనిపించలేదు, మాకూ అనిపించలేదు. వాడు తడిపిన చోటనే వాళ్ళ నాన్న సున్నం వేశారు.

పెరడు సంగతికి వస్తే, ఇక్కడ మొక్క వెయ్యడానికి ముందు నీళ్ళు రుచి చూడాలి. ఎండాకాలం దగ్గరపడి గోదావరిలో పైనుంచి వచ్చే ప్రవాహం తగ్గేకొద్దీ పోటు నీళ్ళు గౌతమి పాయలోకి ఎదురెక్కుతాయి. బావి నీళ్ళకి ఉప్పదనం తగులుతుంది. కొబ్బరి ఓర్చుకుంటుంది, సపోటా ఓర్చుకుంటుంది, చిక్కుడు ఓర్చుకోలేదు. నేల ఆరిన కొద్దీ నీరు ఆవిరై ఉప్పు పైకి తేలుతుంది కనుక, మొక్కల మొదళ్ళలో కొబ్బరి డొక్కలూ ఎండుటాకులూ పరిచి తేమ కాపాడుకుంటాం. డొక్కలు మోసేది పిల్లలే. మంగళవారం సంతకి వెళ్ళినప్పుడు ఏ విత్తనం కొనాలో కూడా వాళ్ళనే అడుగుతాం. ఈసారి పెద్దది బీర అంది, చిన్నాడు గుమ్మడి అన్నాడు. రెండూ పెట్టాం.

బీరపాదు పిల్లలకి దొరికిన మంచి బడి. మొదట మగపూలే వస్తాయి. పూసింది, కాయలేదేమని పెద్దది బెంగపడింది. కొన్నాళ్ళకి పువ్వు వెనక వేలెడంత పిందె ఉన్న ఆడపువ్వు కనబడింది. బీర, ఆనప పొద్దు వాలాక విచ్చుకుంటాయి, గుమ్మడి తెల్లవారుతూనే విచ్చుకుంటుంది. దానికీ దీనికీ వచ్చే పురుగులు వేరు, వేళలు వేరు. సాయంత్రం మగపువ్వు ఒకటి తుంచి, రేకులు వలిచి, ఆ పుప్పొడిని ఆడపువ్వు మధ్య నెమ్మదిగా అద్దడం నేర్పాను. అద్దిన పూలకి పెద్దది దారపు పోగు కట్టుకుంది. దారం కట్టిన పిందె నిలిచి రోజురోజుకీ సాగుతుంటే, ఆ కాయ తన మూలంగా ఉందని దానికి తెలుసు. ఇంతకాలం బీరకాయ కూర అంటే మొహం తిప్పుకున్న పిల్ల ఆ కాయ కూరని పంక్తిలో అందరికీ తనే వడ్డించింది.

మల్లె వేరే పాఠం చెబుతుంది. చలికాలంలో దానికి నీళ్ళు తగ్గించాలి. మాఘమాసంలో ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, పశువుల ఎరువు వేసి, అప్పుడు నీళ్ళు పెట్టాలి. ఆకు దూశాక బోసిగా నిలబడ్డ ఆ పుల్లలని చూసి చిన్నాడు చచ్చిపోయిందన్నాడు. ఫాల్గుణం వెళ్ళేసరికి మొగ్గ తొడిగింది. కొన్నాళ్ళు ఎండగడితే మరింత పూస్తుందన్న సంగతి వాడికి మాటల్లో చెప్పలేదు. వాడే చూశాడు.

కొబ్బరి చెట్టు కింద జామ ఆకుల మీద మసి పట్టింది. అది సర్పిలాకార తెల్లదోమ పని. 2016లో తమిళనాడులో పొల్లాచ్చి దగ్గర మన దేశంలో తొలిసారి కనబడి, తర్వాత గోదావరి జిల్లాల తోటల్లోకి వచ్చింది. అది విడిచే తేనెలాంటి జిగురు మీద నల్ల బూజు పెరుగుతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వారు ఈ దోమని చంపే ఇసారియా అనే శిలీంధ్రాన్ని పెంచి రైతులకి అందించారు. పెరట్లో ఒకటి రెండు చెట్లున్న మాలాంటి వాళ్ళకి తేలికైన పనులూ ఉన్నాయి. జోరుగా నీళ్ళు కొట్టడం, వేపనూనె చల్లడం, పల్చటి గంజి చల్లడం. గంజి ఎండి పొరలుగా రాలుతూ మసిని తనతో తీసుకుపోతుంది. అన్నం వార్చిన గంజిని పిల్లలు జామాకుల మీద చల్లి, మర్నాడు మసి ఊడిందో లేదో వేలితో రాసి చూశారు.

పిల్లలకి పని చెప్పడం గురించి ఇక్కడ ఒక మాట బరువుగానే చెప్పాలి. 1929లో శారదా చట్టం వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకి పెళ్ళి చేయడం నేరమైంది. అప్పట్లో ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంకి ఆ చట్టం వర్తించలేదు. అందుకని చుట్టుపక్కల జిల్లాల వాళ్ళు చిన్నపిల్లల్ని ఇక్కడికి తీసుకొచ్చి పెళ్ళిళ్ళు చేసుకుపోయేవారు. ఊరికి కల్యాణపురమని పేరే పడింది. ఆడుకునే వయసు పిల్లల మెడకి సంసారం కట్టిన వీధులు ఇవి. ఆ కథ తెలిసిన ఊళ్ళో ఉంటూ పిల్లలకి పని చెప్పేటప్పుడు తల్లి చెయ్యి కాస్త ఆగాలి. పిల్ల చేతికి పని ఇవ్వడం వేరు, పిల్ల నెత్తిన బరువు పెట్టడం వేరు. పిల్ల ఎప్పుడు కావాలంటే అప్పుడు వదిలేసి పరిగెత్తగలిగినదే పని. వదలడానికి వీల్లేనిది బరువు. మా పెద్దది పెంకులు వరస పెడుతూ పెడుతూ మధ్యలో తూనీగ వెనక వెళ్ళిపోతుంది. ఎవరూ వెనక్కి పిలవం. తూనీగ పోయాక తనే వస్తుంది.

1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం మూలంగా ఏళ్ళ తరబడి ఈ దేశంలోనే ఉండిపోయిన విద్యావేత్త మారియా మాంటిస్సోరి మన ఉపాధ్యాయులకి నేర్పినవాటిలో ఒక మాట ఉంది. పిల్లలకి ఉత్తుత్తి సామాను కాదు, వాళ్ళ చేతికి సరిపోయే కొలతలో నిజమైన సామాను ఇవ్వాలి, నిజంగా నీళ్ళు వంచనివ్వాలి, నిజంగా ఊడ్వనివ్వాలి. మన పాత ఇళ్ళలో చిన్న చేట, చిన్న కడవ, చిన్న చీపురు ఉండేవి. ఆడపిల్లకే ఇచ్చేవారు, అదే లోపం. ఇప్పుడు ఇద్దరికీ ఇవ్వవచ్చు.

మా పనుల మధ్యలోనే ఉగాది వస్తుంది. వేపచెట్టు కింద పాత చీర పరిచి, రాలిన పువ్వుని పిల్లలిద్దరూ ఏరి ఇస్తారు. పచ్చడిలో తామేరిన పువ్వే పడిందని తెలుసు కాబట్టి చేదైనా మింగుతారు. పిల్లలతో చేసినందువల్ల ప్రతి పనీ ఆలస్యమైన మాట నిజం. ఒక పూటలో అయ్యే గోడ రెండు పూటలు పట్టింది. ఆ రెండో పూట వృథా అయిందని నేను అనుకోను. ఇంటి ఖర్చులో అన్నిటికంటే సద్వినియోగమైంది అదే.

కనుక పసిపిల్లలున్న ఇల్లాళ్ళకీ ఇంటాయనలకీ నా మనవి ఒకటి. ఈ చైత్రంలో మీ ఇంట మరమ్మతు పెట్టుకుంటే పిల్లల్ని ఊరు పంపకండి. సున్నం తొట్టికీ నిచ్చెనకీ దూరంగా ఉంచండి, మిగతా అన్నిటికీ దగ్గరగా ఉంచండి. ఒక చిన్న చెంబూ, ఒక కుంచే, వాళ్ళదని చెప్పుకోడానికి ఒక పాదూ ఇవ్వండి. ఈ తీరాన మనం పిల్లలకి గాలివానలు రాని కాలాన్ని ఇవ్వలేం. వచ్చి వెళ్ళాక మళ్ళీ ఎలా కట్టుకోవాలో తెలిసిన చేతులని మాత్రం ఇవ్వగలం. ఆ చేతులు తయారయ్యేది ఈ వయసులోనే, ఈ ఋతువులోనే.