వ్రేళ్ల తప్పా, వాద్యము తప్పా?

సంగీతము నేర్చుకొను బాలిక వాద్యమును మూలబెట్టినచో మన యిండ్లలో వినబడు మాట సాధారణముగ నొక్కటే: "దానికి పట్టుదల లేదు." వాద్యము సరిగ నున్నదా యని యడుగువారు అరుదు. కత్తిపీట తెగకున్నచో దానికి పదును పెట్టింతుము గాని, కూరలు తరుగుట మనకు రాదని కూర్చుండము గదా! ఈ న్యాయమును వాద్యముల విషయమున నేల పాటింపకుండవలెను?

మా రెండవ అమ్మాయికి పదునాలుగేండ్లు. దాని కోరికపై గడచిన వేసవిలో 7,000 రూపాయల వెలగల ఎలక్ట్రిక్ గిటారు నొకదానిని కొంటిమి. రెండు నెలలు తిరుగక మునుపే వ్రేళ్ల కొనలు కందిపోయి, సాధన సన్నగిల్లినది. నేర్పుచున్న మాస్టరుగారు "ఆడపిల్ల వ్రేళ్లు మెత్తన, కాలక్రమమున గట్టిపడును" అనిరి. ఇంటిలోని పెద్దలు డబ్బు దండుగ యనిరి. ఈ మాటలన్నియు మేము సహించితిమి. కాని యొకనాడు ఆ పిల్ల తానే "నాకు రాదులే అమ్మా, ఎవరికైనా ఇచ్చివేయి" అన్నప్పుడు మాత్రము మా మనసు కలుక్కుమన్నది. "నాకు రాదు" అను మాట నొక్కమారు నేర్చిన బాలిక దానిని గిటారుతోనే విడిచిపెట్టదు. రేపు లెక్కలకును, ఎల్లుండి ఉద్యోగమునకును అదియే మాట చెప్పును.

మా తల్లిగారు వీణ వాయించెడివారు. వీణకు మైనముపై నిలిపిన మెట్లు 24. ఏండ్లు గడచి మెట్లు కదలి స్వరము తప్పినపుడు, మేళము కట్టువానిని పిలిపించి సరిచేయించిన పిదపనే వారు సాధనకు కూర్చుండెడివారు. "చేతిని తిట్టుటకు ముందు మెట్లు చూడవే" అని మాతో అనెడివారు. ఆ మాట జ్ఞప్తికి వచ్చి, గిటారును ఒడిలో నుంచుకొని పండ్రెండవ మెట్టుపై ఉక్కు స్కేలు నిలిపి కొలిచితిమి. లావుతీగ 3.5 మి.మీ., సన్నతీగ 3 మి.మీ. ఎత్తున నున్నవి! సాధారణముగ అచ్చట 2 మి.మీ., 1.5 మి.మీ. చాలును. ఈ ఎత్తునే గిటారు వాయించువారు యాక్షన్ అందురు. ఎత్తు హెచ్చినకొలది నొక్కుటకు బలము హెచ్చుగ కావలెను. అంతియే గాక, అంత దూరము నొక్కబడిన తీగ సాగి, స్వరము కొంత పైకి పోవును. పిల్లకు అపస్వరము వినబడుట చెవి దోషమును గాదు, చేతి దోషమును గాదు.

ఈ సవరణ క్రమము తప్పి చేయరాదు. ముందుగ బిరడలు త్రిప్పి తీగల నన్నింటిని శ్రుతి చేయవలెను. ఆరు తీగలును కలిసి దండిని దాదాపు 40 కిలోల బలముతో లాగుచుండును. ఆ లాగుడున్నప్పుడే దండి యొక్క నిజమైన వంపు తెలియును. పిదప లావుతీగను మొదటి మెట్టునను, దండి గిటారు ఒడలితో కలియుచోటి మెట్టునను నొక్కిపట్టి, నడుమ ఏడెనిమిది మెట్లయొద్ద సందు చూడవలెను. విజిటింగు కార్డు మందమంత, అనగా 0.25 మి.మీ. చాలును. సందు హెచ్చినచో దండిలోని ఉక్కుకడ్డీని, అనగా ట్రస్ రాడ్‌ను బిగింపవలెను. ఒకమారునకు పావుచుట్టు మించరాదు; కదలనిచో బలవంతము చేయరాదు.

తరువాతి పని గుర్రముపై. 1954లో వెలువడిన స్ట్రాటోకాస్టర్ అను గిటారునందు ఆరు తీగలకును ఆరు సాడిళ్లు, ఒక్కొక్కదాని యెత్తును వేరుగ మార్చుకొను స్క్రూలతో అమర్చిరి. నేటి చౌక గిటారులలో పెక్కింటికి అదియే నమూనా, మాదియు నట్టిదే. గిటారుతో వచ్చిన చిన్న ఎలెన్ కీ మాకు సరిపోయినది. అమ్మాయి కొలత చూచుచుండగా మేము కీ త్రిప్పితిమి. కొంచెము దింపుట, తిరిగి శ్రుతి చేయుట, ప్రతి మెట్టునను మీటి వినుట. ఆదివారము మధ్యాహ్నమంతయు దీనికే చెల్లినది.

దింపుటకును హద్దు కలదు. తీగ కంపించుటకు కొంత చోటు కావలెను. మితిమీరి దింపినచో మెట్లకు తగిలి జీరబోవును. అయితే ఊరక మీటినపుడు వినబడు కొద్ది జీర ఆంప్లిఫయరులో వినబడకపోవచ్చును గనుక, దానికి కలిపి విన్న పిమ్మటనే నిర్ణయింపవలెను. కడపట, పండ్రెండవ మెట్టున నొక్కిన స్వరమును, అచ్చటనే తీగను తాకీ తాకక మీటిన స్వరమును ఒక్కటిగ నుండవలెను. నొక్కినది హెచ్చినచో సాడిలును వెనుకకు, తగ్గినచో ముందునకు జరుపవలెను. మేరువునందలి గాట్లను మాత్రము మేము ముట్టలేదు. వానిని ఆకురాయితో రాయవలెను. ఎక్కువ అరిగినచో పూడ్చుట కష్టము. ఆ పనికి మరమ్మతు చేయువాడు 500 రూపాయలు తీసికొనెను.

ఆనాటి సాయంకాలము అమ్మాయి వాయించి చూచి, "అమ్మా, ఇది మన గిటారేనా?" అన్నది. వ్రేళ్ల నొప్పి పూర్తిగ పోలేదు, ఉక్కుతీగ ఉక్కుతీగయే. కాని యిప్పుడు పడిన నొప్పికి తగిన స్వరము పలుకుచున్నది.

పాలకొల్లున 1969లో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ గారు జంటతీగల మాండలినుకు బదులు ఐదు ఒంటితీగల ఎలక్ట్రిక్ మాండలినును చేపట్టి, దానిపై కర్ణాటక సంగీతమును పలికించిరి. అంతటి విద్వాంసులే వాద్యమును తమ అవసరమునకు తగినట్లు మలచుకొనగా, నేర్చుకొను పిల్ల మాత్రము వాద్యము ఉన్నట్లే భరింపవలెననుట ధర్మమా? చౌకవాద్యము లన్నియు చెడ్డవి గావు. పెక్కింటికి లోపించునది కొయ్య గాదు, తుదిని చేయవలసిన సవరణ. ఆ సవరణకు మన యింటనే చేతులు కలవు. ఏ పిల్లయైనను తనకు రాదని గిటారును మూలబెట్టినచో, ఆ మాటను నమ్ముటకు ముందు ఒక ఉక్కు స్కేలు తెచ్చి, పండ్రెండవ మెట్టుపై నిలిపి చూడుడు.