అమ్మ చెప్పిన లక్షణాలు

జూన్ 3, 2025, మంగళవారం
సినిమా సగంలో తెర నల్లబడి, మళ్లీ లోగో దగ్గర్నుంచి మొదలవుతోంది. అమ్మ మాటల్లో, "అస్తమానూ సొమ్మసిల్లిపోతోందిరా." టీవీకి తగిలించిన స్ట్రీమింగ్ స్టిక్ పాడైందని తీర్మానించేసి కొత్తదాని ధరలు కూడా చూశాను. తీరా వంగి చూస్తే, దానికి కరెంటు టీవీ వెనక యూఎస్‌బీ పోర్టులోంచి వస్తోంది. గోడ ప్లగ్గు ఖాళీ లేదని అక్కడ పెట్టింది నేనే. ఆ పాత పోర్టు ఇచ్చేది అర ఆంపియర్. సొరుగులో పడేసిన అడాప్టర్ మీద రాసి ఉన్నది 5 వోల్టులు, 1 ఆంపియర్. సగం కూడు పెట్టి పని చెయ్యమంటే సొమ్మసిల్లదూ!

జూన్ 7, శనివారం
"పాలు వేడి పెడితే బొమ్మ ఆగిపోతోంది." ఈ మాట అమ్మ అనడం నాలుగోసారి. మూడుసార్లు నవ్వి ఊరుకున్నాను. ఇవాళ కప్పుడు నీళ్లు మైక్రోవేవ్‌లో పెట్టి హాల్లోకి పరుగెత్తాను. తెర మీద గుండ్రం తిరుగుతోంది. వంటింట్లో టింగుమనగానే బొమ్మ కదిలింది.
ఓవెన్ పనిచేసేది 2,450 మెగాహెర్ట్జ్ దగ్గర. మా వైఫై 2.4 గిగాహెర్ట్జ్. రెండిటిదీ ఒకే వీధి. తలుపు సందుల్లోంచి రవ్వంత బయటికొచ్చినా వైఫై గొంతు మునిగిపోతుంది. రౌటర్‌లోనే ఉన్న 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాను.

జూన్ 8, ఆదివారం
5 గిగాహెర్ట్జ్‌కి వేగం ఎక్కువ, గోడలు దాటే ఓపిక తక్కువ. పైగా స్టిక్ టీవీ వీపుకి అతుక్కుని, రౌటర్‌కి చాటుగా ఉంది. దానితోపాటు వచ్చిన జానెడు హెచ్‌డీఎంఐ వైరు సొరుగులో రబ్బరు బ్యాండ్ల కింద దొరికింది. తగిలించి, స్టిక్‌ని టీవీ అంచు బయటికి వేలాడదీశాను. రెండు గీతల సిగ్నల్ నాలుగైంది.

జూన్ 10, మంగళవారం
వైఫై ఉంది, యాప్ ఒక్కటీ తెరుచుకోదు. సెట్టింగ్స్‌లో తేదీ చూస్తే 2027! ఏదో ఆటలో లైఫ్‌లు త్వరగా నిండాలని మా పాప కాలాన్ని ముందుకు తోసింది. అవతలి సర్వర్ చూపించే సర్టిఫికెట్‌కి ఒక గడువు ఉంటుంది. మా స్టిక్ లెక్కలో అది ఎప్పుడో తీరిపోయింది, కనుక నమ్మదు. మొన్న మార్చి 9న ప్రపంచమంతటా రెండో తరం క్రోమ్‌కాస్ట్ స్ట్రీమింగ్ పరికరాలు మొరాయించిందీ ఇలాంటి కారణానికే. లోపలి పదేళ్ల సర్టిఫికెట్ గడువు ఆ రోజుతో తీరింది. అక్కడ గడువు నిజంగానే అయిపోయింది, ఇక్కడ పాప చేతిలో అయిపోయింది.

జూన్ 15, ఆదివారం
"పాటలొస్తున్నాయి, మాటలు రావట్లేదు."
వాల్యూమ్ 40 మీద ఉంది. పాట వచ్చిందంటే ఇల్లదిరిపోతోంది. అమ్మకి 71. "మా అత్తగారికీ ఇలాగే మొదలైంది" అంది పక్కింటి పిన్నిగారు. అమ్మకి చెప్పకుండా ఈఎన్‌టీ డాక్టరు దగ్గర బుధవారానికి అపాయింట్‌మెంట్ తీసుకుని వారమైంది.
ఇవాళ పక్కన కూర్చుని చూశాను. హీరో పెదాలు కదులుతున్నాయి. వాన చప్పుడుంది, వయొలిన్లున్నాయి. మాట నాకూ వినపడలేదు.
సినిమా శబ్దం 5.1. అంటే ఆరు దారులు. మాటలు ఎక్కువగా నడిచేది మధ్య స్పీకరు దారిలో. మా టీవీకి ఉన్నవి కుడీ ఎడమా రెండే. స్టిక్ సరౌండ్ అంటూ ఆరూ పంపుతుంటే మధ్యదాన్ని అందుకునే దిక్కు లేదు. స్టీరియోకి మార్చగానే హీరో గొంతు విప్పాడు.
"సీరియల్లో బాగానే వినపడుతోందిరా, సినిమాల్లోనే" అని మొదటి రోజే చెప్పింది. ఆ సీరియల్ స్టీరియోలో వస్తుంది. "నీకు ఇష్టమైనవే వినపడతాయిలే" అని నవ్వేశాను.

జూన్ 17, మంగళవారం
క్లినిక్‌కి ఫోన్ చేసి రద్దు చేయించాను.
"పేషెంటుకి తగ్గిందా సార్?"
"తగ్గిందండీ."

జూన్ 22, ఆదివారం
పాప ఇంగ్లీషు బొమ్మల సినిమా చూస్తోంది. ఎవరూ మాట్లాడనిచోట ఒక గొంతు చెబుతోంది: పిల్ల కిటికీ వైపు నడుస్తోందట, చేతిలో లాంతరుందట. చూపులేనివాళ్ల కోసం చేసే ఆడియో డిస్క్రిప్షన్ అది. భాషల జాబితాలో పాప వేలు దాని మీద పడినట్టుంది. తీసేయబోయాను.
"ఉండనీరా" అంది వంటింట్లోంచి అమ్మ. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి, గోరుచిక్కుళ్లు తుంచుతోంది. "రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది చూడు, అలా ఉంది. ఇక్కణ్ణుంచే సినిమా అంతా కనిపిస్తోంది."
రిమోట్ కింద పెట్టేశాను.