నేలను విడిచిన రాతపెట్టె

ఒకరి కోసం తయారైన వస్తువును మరొకరి అవసరానికి మలచుకోవడం మన ఇళ్ళలో కొత్త సంగతి కాదు. విరిగిన పట్టెమంచం కోళ్ళు పీటకు కాళ్ళవుతాయి. తీసేసిన తలుపు రెక్క అటక మీద పలకగా కుదురుకుంటుంది. ధాన్యం దాచిన భోషాణం మీద పరుపు వేస్తే వచ్చిన చుట్టానికి పడక సిద్ధం. ఇటువంటి మార్పుల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. అవసరం తీరుతుంది, వడ్రంగి కూలి తీసుకుని వెళ్ళిపోతాడు. కాని 2022లో మా యింట ఒక పాత రాతపెట్టెకూ ఒక పాత కుట్టుమిషను స్టాండుకూ సంబంధం కలపవలసి వచ్చినప్పుడు మాత్రం, ఆ పొత్తు కుదురుతుందా లేదా అన్నదాని మీద ఒక మనిషి ఇరవై యేళ్ళ పని ఆధారపడి ఉండింది.

ఆ మనిషి మా నాన్నగారు. తెనాలి ప్రాంతపు ఉన్నత పాఠశాలల్లో ముప్ఫై ఆరేళ్ళు తెలుగు చెప్పి, 2002లో ఉద్యోగ విరమణ చేశారు. ఇంట్లో ఏనాడూ ఆయన మేజా ముందు కూర్చుని రాయలేదు. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. ఎదురుగా ఏటవాలు మూత ఉన్న టేకు పెట్టె. వెనకటి కొట్లలో గుమాస్తాలు చిట్టా ఆవర్జాలు రాసుకునేవారే, ఆ రకం పెట్టె. 1971లో ఒక ధాన్యం వర్తకుడు కొట్టు మూసేస్తూ సామాను అమ్మివేస్తుంటే పద్దెనిమిది రూపాయలకు కొన్నారట. ఇరవై నాలుగు అంగుళాల వెడల్పు. ముందువైపు ఆరు, వెనకవైపు పది అంగుళాల ఎత్తు. చిల్లర జారవిడిచేందుకు మూతలో ఒక సన్నని చీలిక ఉండేది. కలం మొన అందులో దిగబడుతోందని టేకు ముక్క అతికించి దాన్ని మూయించింది నాన్నగారే. లెక్కల పెట్టె అక్షరాల పెట్టె అయింది అప్పుడే.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం ఆయనకు ప్రాణం. వ్యవసాయపు మాటలకు అంతటి గౌరవం దక్కింది కదా, మరి వంటింటి మాటలకో అన్నది ఆయన ప్రశ్న. విశ్రాంతి దొరికిన నాటి నుంచి తమ ఊరి ఆడవారి నోట విన్న మాటలను అకారాదిగా పొడుగు నోటుబుక్కుల్లో రాస్తూ వచ్చారు. ఏ మాట ఎవరి ఇంట, ఏ సందర్భాన విన్నారో కూడా రాస్తారు. కనుక పని నెమ్మది. 2022 నాటికి ‘చ’లో ఉన్నారు. ‘చేట’ పూర్తయింది. ‘చేద’ మొదలుపెట్టవలసిన రోజున స్నానాల గది గడప దగ్గర జారి పడ్డారు.

తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స చేసి కీలు గుండు మార్చారు. నడక వచ్చింది. కాని, నేల మీద కూర్చోకూడదు, బాసింపట్టు వేయకూడదు, మోకాళ్ళు తుంటికన్నా పైకి లేచేంత పల్లపు ఆసనం మీద కూర్చోకూడదు అని వైద్యులు గట్టిగా చెప్పారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి ఇవి సబబైన జాగ్రత్తలే. ఆయనకు మాత్రం రాత ఆగిపోయిందన్న మాట.

భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి చూశాము. చదును బల్ల మీదికి వంగితే మెడ పట్టేసేది. మంచం మీద అట్ట ఆనించుకుంటే చెయ్యి వణికేది. మీరు చెప్పండి, నేను టైపు చేస్తానన్నాను. రెండు రోజులు చెప్పారు. మూడో రోజు, “అమ్మాయ్, నోటితో చెబితే నాకు మాట గుర్తుకు రావడం లేదే. రాస్తుంటే గాని రాదు” అన్నారు. మూడు నెలలు గడిచేసరికి నోటుబుక్కులను పాత పంచెలో మూటగట్టి బీరువాలో పెట్టమన్నారు. తరువాత వాటి ఊసెత్తలేదు. మాట్లాడటమే తగ్గించారు.

ఇంగ్లీషు నవలలను తెలుగు చేయడం నా వృత్తి. ఆ నవలల నిండా సామాను. డావెన్‌పోర్ట్ అంటారు, ఎస్క్రిట్వార్ అంటారు, సెక్రెటరీ అంటారు. అన్నీ రాసుకోవడానికే, అన్నీ వేరువేరు. నాకు దొరికే మాట ఒక్కటే, రాతబల్ల. మన దగ్గర పీట ఉంది, చాప ఉంది, మంచం ఉంది. నేలకు దగ్గరగా ఉన్నవాటికి మాటల కరవు లేదు. నేల నుంచి కాస్త పైకి లేచామా, అరువు మొదలవుతుంది. కుర్చీ అరబ్బీ నుంచి వచ్చింది. అలమారా పోర్చుగీసువారి నుంచి. బీరువా సంగతి ఇంకా తమాషా. ఫ్రెంచివారి బ్యూరో మొదట రాతబల్ల మీద పరిచే ముతక గుడ్డ, తరువాత ఆ బల్ల, ఆపైన ఆ బల్ల ఉన్న కచేరీ. మన దగ్గరకు వచ్చేసరికి చీరెలు దాచుకునే అరల పెట్టె అయింది. మాటలను కూడా పాత సామానులాగే వాడుకున్నాము సుమా!

నాకు దారి చూపింది జేన్ ఆస్టిన్ పెట్టె. ఆమెకు బల్ల మీద పెట్టుకు రాసే ఏటవాలు మూత పెట్టె ఒకటి ఉండేది. 1798 అక్టోబరులో డార్ట్‌ఫర్డ్ సత్రంలో దిగినప్పుడు ఆ పెట్టె పొరపాటున వేరే బండి ఎక్కి గ్రేవ్‌జెండ్ రేవు దారి పట్టింది. అక్కడి నుంచి ఓడలో వెస్టిండీసుకు పోవలసినదే. గుర్రం మీద మనిషిని తరిమి, రెండు మూడు మైళ్ళలో పట్టుకుని వెనక్కు తెప్పించారు. అందులో ఆమె దగ్గరున్న డబ్బంతా, ఏడు పౌనులు, ఉందట. 1999లో ఆ కుటుంబంవారు దానిని బ్రిటిష్ లైబ్రరీకి ఇచ్చారు. దాని బొమ్మ చూస్తుంటే నాన్నగారి పెట్టెకు దూరపు చుట్టంలా తోచింది. తేడా అల్లా అది బల్ల మీద కూర్చుంది, ఇది నేల మీద. అయితే ఈ పెట్టెను లేవనెత్తితే సరిపోదా?

హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారం సంతకు వెళ్ళాను. పాత ఇనుము, పాత కుర్చీలు, తలుపులు, ఫ్యాన్లు, దేని యజమాని ఎవరో తెలియని సామాను. అక్కడ ఒక కుట్టుమిషను స్టాండు కనిపించింది. మిషను లేదు. పై పలక పుప్పి పట్టి పొడి రాలుతోంది. ఇనుప చట్రం మాత్రం చెక్కుచెదరలేదు. పోత ఇనుము కొనేటప్పుడు సుత్తితోనో రాతితోనో మెల్లగా తట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే ఎక్కడో పగులు ఉన్నట్టు. ఇది గుడిగంటలా మోగింది. పద్నాలుగు వందలకు బేరం కుదిరింది.

ఇంటికి వచ్చిన వడ్రంగి మేస్త్రి కొలతలు తీసి పెదవి విరిచాడు. స్టాండు ఇరవై ఎనిమిది అంగుళాలు, దాని మీద పెట్టె ముందంచు ఆరు. మొత్తం ముప్ఫై నాలుగు. మామూలు రాతబల్ల ముప్ఫైకి మించదు. పోత ఇనుమును కోస్తే పెళుసుగా పగలవచ్చు, తిరిగి అతకడమూ కష్టమే. “పెట్టెను అడుగున నాలుగు అంగుళాలు కోసేద్దామమ్మా” అన్నాడు. నాన్నగారు వింటున్నారు. “నీకెట్లా వీలైతే అట్లా చెయ్యి, నాయనా” అని కిటికీ వైపు తిరిగారు. ఆ ‘వీలు’ నాకు నచ్చలేదు. ఒక వారం ఆగమన్నాను.

ఆ వారమంతా కుర్చీ కాళ్ళ కింద చెక్క దిమ్మలు పేర్చి చూడటమే పని. మామూలు కుర్చీ పద్దెనిమిది అంగుళాలు. దాన్ని ఇరవై రెండుకు పెంచితే పెట్టె ముందంచు సరిగ్గా ఆయన మోచేతి దగ్గరకు వచ్చింది. పైగా ఎత్తు కుర్చీ నుంచి లేవడం తుంటికి సుళువు. వైద్యులు కోరిందీ అదే. కాని పాదాలు నేలకు ఆనవు. వేలాడే కాళ్ళతో ఎంతసేపు రాయగలరు? ఆ ప్రశ్నకు జవాబు స్టాండులోనే ఉంది. కుట్టేవారు కాళ్ళతో ఆడించే తొక్కుడుపలక నేలకు మూడు అంగుళాల ఎత్తున, రెండు పాదాలకూ సరిపడేంత వెడల్పుగా, అక్కడే ఎదురుచూస్తోంది. పెట్టెను కోయనక్కరలేదు. కూర్చునే మనిషిని పెంచితే చాలు.

మేస్త్రి సంతోషించాడు. అతనికీ ఆ రంపం పెట్టడం ఇష్టం లేదని అప్పుడు తెలిసింది. పాత టేకు తలుపు చట్రాన్ని చిత్రిక పట్టి స్టాండుకు కొత్త పలక చేశాడు. పలక చుట్టూ అర అంగుళం గట్టు తీశాడు. పెట్టె ఆ గట్టులో కదలకుండా కూర్చుంటుంది. పెట్టెకు ఒక్క మేకైనా దిగలేదు. కావాలంటే రేపు ఎత్తి నేల మీద పెట్టుకోవచ్చు. కుర్చీకి కొత్త కాళ్ళు వేసి, లేచేటప్పుడు పట్టుకోవడానికి చేతులు బలంగా బిగించాడు. చివరగా తొక్కుడుపలక కింద ఒక చీల కొట్టాడు. కుర్చీలోంచి లేస్తూ ఆయన దాని మీద బరువు వేస్తే, అది ఊగితే, మళ్ళీ ఆసుపత్రే. మొత్తం మార్పులో నాకు అన్నింటికన్నా ముఖ్యమైనది ఆ చిన్న కర్ర ముక్క.

నాన్నగారు పని జరిగినన్నాళ్ళూ పట్టనట్టే ఉన్నారు. నాలుగో రోజున మాత్రం, మేస్త్రి చేతిలోని పరికరాన్ని చూపించి, “దీన్ని మీ ఊళ్ళో ఏమంటారు?” అని అడిగారు. “బాడిశె అంటాం పంతులుగారూ.” “మీ ఇంట్లో ఆడవాళ్ళో?” మేస్త్రి నవ్వి, వాళ్ళు దాన్ని కొబ్బరికాయ కొట్టడానికి వాడతారనీ, అందుకు రోజూ తిట్లు తింటారనీ చెప్పాడు. ఆ రాత్రి మూట విప్పమన్నారు.

మరునాడు ఎత్తు కుర్చీలో కూర్చుని చాలాసేపు ఏమీ రాయలేదు. మూత మీద పూడ్చిన చీలికను వేలితో తడిమారు. తరువాత ‘చేద’ అని రాసి, దాని కింద తమ మేనత్త పేరూ, నూతి పళ్ళెం దగ్గర ఆవిడ అన్న మాటా రాశారు. పావుగంటకే అలసిపోయారు. నెలాఖరుకు గంట, సంక్రాంతి నాటికి రెండు పూటలా కలిపి మూడు గంటలు కూర్చోగలిగారు.

చీల విషయంలో మాకూ ఆయనకూ ఇప్పటికీ పేచీయే. పలక మెల్లగా ఊగుతుంటే కాలికి హాయిగా ఉందంటారు. వ్యాయామం చేయించే అమ్మాయి కూడా, కూర్చున్నంతసేపూ ఊగితే నష్టం లేదన్నది. దాంతో చీల తీసి, పలకకు కొక్కెం పెట్టించాము. కూర్చున్నాక విప్పాలి, లేచేముందు తగిలించాలి. తగిలించడం మరిచిపోతారు. పక్క గదిలో పని చేసుకుంటూ నేను ఆ కిర్రుమనే చప్పుడు వింటుంటాను; అది ఆగిందంటే కలం కింద పెట్టి పరుగెత్తాలి.

ఇప్పుడు ‘ప’లో ఉన్నారు. వానలకు పెట్టె మూత కొంచెం ఉబ్బి పట్టేస్తోంది. మేస్త్రిని పిలిచి అంచు గీయించనా అని అడిగితే, చలికాలానికి అదే సర్దుకుంటుంది, ఆగమన్నారు. అప్పటికి ‘మ’లోకి వస్తారట.