డాక్టర్ కావాలనుకునే పిల్లకు కెమిస్ట్రీ ఎందుకు?

పదో తరగతి తల్లిదండ్రుల సమావేశాల్లో నాకు తరచూ వినిపించే మాట: "మా అమ్మాయికి బయాలజీ అంటే ప్రాణం మేడమ్. బైపీసీలో చేర్పిస్తాం. కెమిస్ట్రీ గట్టెక్కితే చాలు." నీట్‌లో 720 మార్కులకు 180 కెమిస్ట్రీవేనని వాళ్లకూ తెలుసు. అందుకే నేను మార్కుల సంగతి ఎత్తను. యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెబుతాను.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని పాస్ కాలేదు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గి మనిషి క్షీణించిపోయే జబ్బు అది. మద్రాసులో వైద్యం చదివిన సుబ్బారావు గారు అమెరికా వెళ్లి, జీవరసాయన శాస్త్రం పట్టుకున్నారు.

1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అంతకు నాలుగేళ్ల ముందు దాన్ని పాలకూర నుంచి వేరుచేసినవాళ్లు, లాటిన్‌లో ఆకు అనే అర్థమున్న మాటతో ఆ పేరు పెట్టారు. కణం రెండుగా విడిపోవాలంటే ముందు డీఎన్‌ఏకు నకలు తయారవ్వాలి. ఫోలిక్ యాసిడ్ లేకపోతే ఆ పని సాగదు. రక్తకణాలు నిత్యం కొత్తగా పుట్టాలి కాబట్టి ఆ లోటు రక్తంలో త్వరగా బయటపడుతుంది. స్ప్రూ రోగులకు ఈ మందు పనిచేసింది. గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నదీ ఇదే.

తర్వాత ఆ బృందం అదే అణువులో ఒకచోట హైడ్రాక్సిల్ సమూహం తీసి అమైనో సమూహం పెట్టింది. అలా వచ్చిందే అమినోప్టెరిన్. కణంలోని ఎంజైమ్ దాన్ని అసలుదే అనుకుని పట్టుకుంటుంది, ఇక వదలదు. కణ విభజన ఆగిపోతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దీన్ని రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించారు. అప్పటిదాకా ఆ పిల్లలకు డాక్టర్లు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు.

మన పదో తరగతి కార్బన్ పాఠంలో ప్రమేయ సమూహాలు ఉంటాయి. పిల్లలు వాటిని పేర్ల జాబితాలా బట్టీపడతారు. ఒక్క సమూహం మారితే ప్రాణం నిలబడవచ్చని తెలిసిన పిల్ల ఆ పేజీని వేరేగా చదువుతుంది. రేపు డాక్టరైతే, తాను రాసే మందు ఒంట్లో ఏం చేస్తుందో ఆలోచించి మరీ రాస్తుంది.

ఈసారి పాలకూర వండేటప్పుడు మీ పిల్లల్ని పిలిచి, కడిగి తరగాలా, తరిగి కడగాలా అని అడగండి. ఫోలేట్ నీళ్లలో కరుగుతుందని మాత్రం చెప్పండి. మిగతాది వాళ్లే చెబుతారు.